నాదమునకు నకలు: పాటల ఫైళ్ల మార్పిడిపై ఒక విమర్శ

తెలుగునాట పుట్టి పెరిగిన వారికి భాష కంటికిని చెవికిని గూడ అందుచుండును. అంగడి పలకపై, బస్సు నుదుట, బడిపుస్తకమున ఎక్కడ చూచినను తెలుగక్షరమే. యానాము సోదరులకును ఆ భాగ్యము కలదు. బెంగుళూరు, హోసూరు, మదురై, షోలాపురము, బరంపురము మొదలగు చోట్ల తరతరములుగా స్థిరపడిన మనబోంట్ల స్థితి వేరు. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో వ్రాయుచున్నారు. వారికి తెలుగు చెవిద్వారముననే రావలెను. అందును మాట కంటె పాట ఎక్కువకాలము నిలుచును. తంజావూరు సీమలోని మెలట్టూరులో భాగవతమేళ నాటకములు నేటికిని తెలుగుననే ఆడబడుచున్నవి గదా. చుట్టును వేరు భాష యున్నను ఆ తెలుగు పాటలో నిలిచినది.

ఆ పాట నేడు గ్రామఫోను పళ్లెమున లేదు, కేసెట్టునను లేదు. చేతిలోని ఫోనులో, వేలెడంత పెన్‌డ్రైవులో ఫైలుగా నున్నది. ఫైలును ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చుట నేడు పదేండ్ల బాలునకు నిమిషము పని. ఇంత సులభమైనది గనుకనే దానిని గూర్చి ఆలోచించువారు లేరు. గ్రంథవిమర్శ కలదు, నాటకవిమర్శ కలదు, కచేరీవిమర్శయు కలదు. గాయకుని నోట వెలువడిన పాట మన చెవిని చేరులోపల పొందిన మార్పులను విమర్శించువారు మాత్రము అరుదు. ఆ పనిని కొంత చేయవలెనని ఈ వ్యాసమును తలపెట్టితిని. నేను సంగీతవిద్వాంసుడను గాను, యంత్రశాస్త్రజ్ఞుడను గాను. ముప్పదియేండ్లకు పైగా కచేరిలో నకళ్లు వ్రాసి, నకళ్లు సరిచూచి పదవీవిరమణ చేసిన గుమాస్తాను. అసలునకును నకలునకును గల సంబంధము నాకు పరిచితమైన విషయము.

రూపాంతరము క్రొత్తది కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల సంకీర్తన భాండారమున చిరకాలము మరుగున పడియుండి, 1922 ప్రాంతమున వెలికివచ్చినవి. కీర్తన తలపై రాగము పేరు కలదు, క్రింద సాహిత్యము కలదు, స్వరము లేదు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించి కన్నడదేశపు తెలుగువారికి గర్వకారణమైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తరువాతికాలమున తిరుపతిలో ఆ కీర్తనలను పరిష్కరించి, అనేకములకు స్వరరచన చేసిరి. నేడు మనము విని ఆనందించునవి ఆధునికులు కూర్చిన వరుసలే గాని, అన్నమయ్య పాడిన వరుసలని చెప్పజాలము. నోటిపాట రాగిరేకైనప్పుడు సాహిత్యము మిగిలినది, వరుస పోయినది. ఏ మార్పిడిని గూర్చియైనను అడుగదగిన ప్రశ్న ఇదియే: ఏది మిగిలినది, ఏది పోయినది, పోయినది మరల వచ్చునా?

1902లో కలకత్తాలో గ్రామఫోను కొరకు పాటలు పట్టుట మొదలైనది. ఆ కాలపు పళ్లెమునకు ఒక్కొక్క ప్రక్కను మూడు నాలుగు నిమిషముల పాటయే పట్టెడిది. విద్వాంసులు ఆలాపనను, కృతిని ఆ కొలతకు కుదించి పాడవలసివచ్చెను. 1963లో ఫిలిప్సు కంపెనీవారి కేసెట్టు వచ్చిన పిదప నిడివి పెరిగెను గాని, సుయ్యిమను రొద తోడయ్యెను. 1982లో వచ్చిన సీడీలో పాట సంఖ్యల రూపము దాల్చెను. సెకనునకు 44,100 మారులు శబ్దమును కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా, కుడియెడమలకు వేర్వేరుగా వ్రాయుదురు. అనగా సెకనునకు 14,11,200 బిట్లు. నిమిషమునకు సుమారు పది మెగాబైట్లు.

ఈ సంఖ్యలను దాచు పద్ధతులు మూడు. మొదటిది, ఉన్నదానిని ఉన్నట్లే యుంచుట. 1991లో వచ్చిన వేవ్ అను రూపము సామాన్యముగా ఇట్టిది. రెండవది, మడిచి దాచుట. పట్టుచీరను మడిచి పెట్టెలో పెట్టినచో చోటు తక్కువ పట్టును. విప్పినచో ఒక్క పోగైనను తగ్గదు. 2001లో వచ్చిన ఫ్లాక్ ఈ జాతికి చెందినది. అసలు పరిమాణములో సుమారు సగము మొదలు మూడింట రెండు వంతుల వరకు చోటు పట్టును. విప్పినచో సంఖ్యలన్నియు యథాతథముగా వచ్చును. మూడవది, జల్లించి దాచుట. ఎంపీత్రీ, ఏఏసీ, ఆగ్ వార్బిస్, ఓపస్ అనునవి ఈ జాతివి. జల్లెడలోనుండి క్రిందికి పోయినది పోయినదే. మన విమర్శకు లక్ష్యము ఈ మూడవ జాతి.

ఎంపీత్రీని నిందించుటకు ముందు దాని గొప్పతనమును చెప్పుట ధర్మము. జర్మనీలోని ఎర్లాంగెను పట్టణమున ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గు మొదలగువారు చేసిన కృషి దానికి పునాది. ఆ పద్ధతికి 1993లో ప్రమాణము ప్రకటింపబడెను. ఎంపీత్రీ అను ఫైలు పేరు 1995లో స్థిరపడెను. దాని సూత్రము మానవుని చెవి స్వభావముపై నిలిచినది. మేళము మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినబడదు. వినబడని దానిని దాచుట యేల యని దానిని విడిచిపెట్టుదురు. సెకనునకు 128 వేల బిట్ల వేగమున దాచినచో సీడీలోని దానిలో పదునొకండవ వంతు చోటు చాలును. దీనివలన కలిగిన మేలు సామాన్యము కాదు. తెలుగు కేసెట్టు దొరకని ఊళ్లలోని కుటుంబములకు వందలకొలది కృతులు, పద్యములు, హరికథలు ఇంటికి వచ్చినవి. 256, 320 వేల బిట్ల వేగమున చేసిన ఫైలునకును సీడీకిని గల భేదమును చాలమంది చెవులు గుర్తింపలేవు. వినుట కొరకే అయినచో దీనిని కాదనుటకు కారణము లేదు.

ఈ పద్ధతిని తీర్చిదిద్దునప్పుడు బ్రాండెన్‌బర్గు వాడిన పరీక్షాగీతములలో సుజాన్ వేగా అను గాయని వాద్యములు లేక పాడిన ‘టామ్స్ డైనర్’ ఒకటి. ఒంటిగొంతు పాటలో దోషము దాగుటకు చోటుండదు గనుక అది కఠినపరీక్షయే. మన పాటకు మరికొన్ని పరీక్షలును కావలెను. తంబురా తీగ మీటిన పిదప పైపైకి మెరయు సన్నని స్వరముల గుంపు మొదటి పరీక్ష. తక్కువ వేగముల జల్లెడలో ఆ మెరుపు నీటిలో తడిసినట్లు చెదరును. మృదంగపు దెబ్బ రెండవది. ఎంపీత్రీ శబ్దమును 1,152 కొలతల ముక్కలుగా, అనగా సుమారు 26 మిల్లీసెకనుల ముక్కలుగా, తీసికొనును. నిశ్శబ్దమున తటాలున పడిన దెబ్బ యొక్క రొద ఆ ముక్కలో ముందు భాగమునకును వ్యాపించి, దెబ్బకు ముందే దాని నీడ పడినట్లుండును. దీనిని తగ్గించు ఉపాయములు కలవు గాని, బిట్లు చాలనప్పుడు అవియు చాలవు.

మూడవ పరీక్ష మనకు అన్నిటికంటె ముఖ్యమైనది. అది సాహిత్యము, అందును హల్లు. శషసల ఊష్మధ్వని ఎక్కువగా పై శ్రుతులలో నుండును. సకారపు బలము సెకనునకు 4,000 కంపనముల పైననే అధికము. ఒత్తక్షరమున వెలువడు ఊపిరి మిక్కిలి మెల్లనిది. 128 వేల బిట్ల వేగమున సామాన్యముగా 16,000 కంపనముల ప్రాంతమున కత్తిరింపు పడును. హల్లులకు పెద్ద హాని లేదు. 64, 32 వేలకు దిగినకొలది కత్తిరింపు క్రిందికి వచ్చును. హల్లుల అంచులు మొద్దుబారును. తెలుగు చదువ నేర్చినవాడు పుస్తకము చూచి దిద్దుకొనును. మన పిల్లలకు ఆ యాధారము లేదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. అందుచేతనే అచ్చటి సంగీతగ్రంథములలో అక్షరము ప్రక్కను 2, 3, 4 అంకెలు వేసి భేదమును చూపుదురు. ఆ అంకెలు లేని చేతివ్రాత కాగితమును చూచి త్యాగరాజకృతిని నేర్చు బాలికకు ఆ చోట గకారమో కకారమో తెలుపునది చెవి యొక్కటే. ఆ చెవికి మొద్దుబారిన ప్రతిని అందించినచో మనము ఆమెకు తప్పు తెలుగు నేర్పినవారమగుదుము.

ఇంతవరకు ఒకమారు జల్లించుటను గూర్చి చెప్పితిని. అసలు కీడు రెండవ, మూడవ జల్లింపులలో నున్నది. ఒకరు సీడీనుండి 128 వేల ఎంపీత్రీ చేయుదురు. వారి బంధువు ఫోనులో చోటు చాలదని దానిని 64 వేలకు దించును. మరియొకరు దానిని చిత్రములతో జోడించి వీడియో చేయుదురు. అచ్చట అది ఏఏసీగానో ఓపసుగానో మారును. వేరొకరు ఆ వీడియోనుండి పాటను వేరుచేసి మరల ఎంపీత్రీ చేయుదురు. ప్రతి జల్లెడయు తనకు ముందున్న జల్లెడ చేసిన రొదను పాటలో భాగమేయని నమ్మి, దానిని దాచుటకు బిట్లను వెచ్చించును; నిజమైన పాటలోనుండి మరికొంత విడిచిపెట్టును. తుదకు తాళపు చప్పుడు ఇసుక రాలినట్లును, గొంతు డబ్బాలోనుండి వచ్చినట్లును నుండును.

కొందరు 128 వేల ఫైలును 320 వేలకు మార్చి ‘నాణ్యత పెంచితిమి’ అని సంతోషింతురు. బజారులో వేలకొలది పాటలు నింపి అమ్ము పెన్‌డ్రైవులలోను ఈ అంకె ఘనముగా వ్రాయబడియుండును. ఫైలు బరువు పెరుగును, పాట పెరుగదు. చెరిగిపోయిన దస్తావేజునకు నకలు తీసి, దానిని ఖరీదైన కాగితముపై టైపు చేయించినచో చెరిగిన పంక్తులు తిరిగి వచ్చునా? మా కచేరిలో ‘అసలుతో సరిచూడబడినది’ అని సంతకము పెట్టుటకు ముందు అసలు ఎదుట ఉండితీరవలెను. నకలును చూచి తీసిన నకలునకు ఆ ముద్ర వేయరాదు. పాటల ఫైళ్ల విషయమున ఈ చిన్న నియమమును పాటించువారు కానరారు.

సీ. పీ. బ్రౌను ఒకే కావ్యమునకు పలుచోట్ల ప్రతులను సంపాదించి, పండితులచే సరిపోల్చి పరిష్కరింపజేసెను. ఒక లేఖకుడు విడిచిన పాదము మరియొక ప్రతిలో దొరకుచుండెను. జల్లించిన ఫైలునకు ఈ సదుపాయము లేదు. ఒకే ఎంపీత్రీనుండి పుట్టిన వేయి ప్రతులను ప్రోగుచేసినను, మొదటి జల్లెడలో పోయినది అన్నిటను లేనిదే. ప్రతుల సంఖ్యను చూచి పాట భద్రముగా నున్నదని నమ్మరాదు.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఫైలులో పాత్ర వేరు, పదార్థము వేరు. ఎంపీఫోర్, ఎంఫోర్‌ఏ, ఆగ్ అనునవి పాత్రలు. వానిలోని ఏఏసీ, ఓపస్, వార్బిస్ అనునవి పదార్థములు. వీడియోలోని ఏఏసీ పాటను మరల జల్లింపక, పాత్ర మాత్రము మార్చి ఎంఫోర్‌ఏ ఫైలుగా తీసికొనవచ్చును. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ఉచిత సాధనములు ఈ పని చేయును. ఒక్క బిట్టును పోదు. ఎంపీత్రీ అను పేరు మీది మమకారముచేత పదార్థమునే మరల ఉడికించుట వృథానష్టము. మరికొందరు ఫైలు పేరు చివరి అక్షరములను మార్చి, రూపము మారినదని తలంతురు. సీసాపై చీటీ మార్చినంతమాత్రమున లోని నూనె నెయ్యి కాదు.

పేరున్న విద్వాంసుల పాటలకు అసలు ప్రతులు ఎక్కడనో యుండవచ్చును. మన యిండ్లలోని పాటల సంగతి అట్లు కాదు. అవ్వలు, నాయనమ్మలు పాడిన లాలిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఏ కంపెనీయు పళ్లెముగా వేయలేదు. రెండువందలు, మున్నూరేండ్ల క్రిందట వలసవచ్చిన కుటుంబములలో తెలుగునాట మరుగైన మాటలును ఆ పాటలలో దొరకును. 2000 తరువాతి దశాబ్దమున అనేకులు వీనిని ఆనాటి చిన్న ఫోనులలో పట్టియుంచిరి. ఆ ఫోనులలో చాలవరకు ఏఎంఆర్ అను రూపమున శబ్దమును దాచునవి. అది టెలిఫోను సంభాషణ కొరకు ఏర్పడిన రూపము. సెకనునకు 8,000 కొలతలే తీయును గనుక 4,000 కంపనములకు పైనున్నదేదియు అందుండదు. మాట తెలియును; సాగదీసిన స్వరము వణకును; శషసలు కలిసిపోవును.

ఇట్టి ఫైలు అవ్వ గొంతునకు మిగిలిన ఏకైకసాక్ష్యమైనప్పుడు దానిని మరల జల్లించుట శాసనపు రాతిపై కత్తులు నూరుకొన్నట్లే. అసలు ఏఎంఆర్ ఫైలును అట్లే యుంచవలెను. క్రొత్త ఫోనులలో మ్రోగుటకు వేవ్ లేక ఫ్లాక్ ప్రతిని వేరుగా చేసికొనవచ్చును. రొద తొలగించు యంత్రమును గూడ అసలు ప్రతిపై ప్రయోగింపరాదు. ఎడతెగక మ్రోగు శబ్దమును రొదగా నెంచుట వాని స్వభావము. తంబురాను గూడ అవి తుడిచివేయుట కలదు. 2020 మొదలు ఫోనుద్వారా, వీడియోద్వారా సంగీతము నేర్చుచున్న పిల్లలకు గురువుగారి శ్రుతి మాటిమాటికి మాయమగుట కొంత ఇందుచేతనే.

కేసెట్టు గలవారు ఇంకను అదృష్టవంతులు. ఆలస్యము మాత్రము పనికిరాదు. శబ్దసంగ్రహాలయముల అంతర్జాతీయసంఘము ఇట్టి టేపులను కనీసము సెకనునకు 48,000 కొలతలతో, 24 బిట్లతో పట్టవలెనని చెప్పుచున్నది. నేటి సామాన్య కంప్యూటరునకు ఇది భారము కాదు. టేపు వేగము సరిగా నున్నదో లేదో ముందుగా చూచుకొనవలెను. వేగము హెచ్చినచో శ్రుతి హెచ్చును. సంఖ్యలలోను ఈ ప్రమాదము కలదు. 44,100 కొలతలతో పట్టిన పాటను 48,000 అని తప్పుగా గుర్తించి మ్రోగించినచో శ్రుతి ఒకటిన్నర స్వరస్థానము వరకు పెరుగును. పెద్దాయన గొంతు పడుచువాని గొంతగును.

మార్పిడిలో పోవు మరియొక వస్తువు పేరు. ఎంపీత్రీ ఫైలు చివర పాట పేరు మొదలగునవి వ్రాయు ఐడీత్రీ అను చీటీ 1996లో వచ్చినప్పుడు పేరునకు 30 రోమను అక్షరములకే చోటుండెను. తరువాతి రూపములలో తెలుగులిపియు పట్టును. అయినను అనేక మార్పిడి యంత్రములు పాత చీటీని క్రొత్త ఫైలునకు తీసికొనిపోవు. కొన్ని తెలుగక్షరములకు బదులు ప్రశ్నార్థకములను వరుసగా పెట్టును. ఆ భయమున మనము రోమను లిపిలో వ్రాయుచున్నాము. అందు కల, కాల, కళ అనునవి ఒక్కతీరుగానే యుండును. పాడినవారెవరు, ఏ యూరు, ఏ సందర్భము అను సంగతులకు చోటే లేదు. అన్నమయ్య రాగిరేకులు వరుసను దాచలేకపోయినను రాగము పేరును దాచినవి. మన ఫైళ్లు వరుసను దాచి పేరును పోగొట్టుచున్నవి. పేరు లేని పాటను ముందుతరమువారు వెదకజాలరు.

ఏ రూపమున దాచవలెను అను ప్రశ్నలో మన్నికను గూడ చూడవలెను. ఎంపీత్రీ పేటెంటు లైసెన్సుల వ్యవహారము 2017లో ముగిసినది, నేడది అందరిది. ఫ్లాక్ మొదటినుండియు స్వేచ్ఛగా లభించునది. దాని వివరణము 2024లో అంతర్జాల ప్రమాణపత్రముగా ప్రకటింపబడినది. రహస్యము లేని రూపమును విప్పు యంత్రమును ఎన్నడైనను క్రొత్తగా చేసికొనవచ్చును. కంపెనీ తాళము వేసిన రూపమునకు ఆ ధైర్యము లేదు.

కావున మన సంఘములవారికి నా మనవి ఇది. ప్రతి పాటకును రెండు ప్రతులుండవలెను: ఒకటి నిలువ ప్రతి, ఒకటి వినికిడి ప్రతి. నిలువ ప్రతి వచ్చిన రూపముననే యుండవలెను. క్రొత్తగా పట్టునవి వేవ్ లేక ఫ్లాకులో నుండవలెను. దానిని రెండు వేర్వేరు ఊళ్లలో దాచవలెను. వినికిడి ప్రతిని 192 వేలో, 256 వేలో ఎట్లైనను చేసికొనుడు. ఎల్లప్పుడును నిలువ ప్రతినుండియే చేయుడు. ఫోనుద్వారా పంపునప్పుడు డాక్యుమెంటుగా పంపినచో ఫైలు మారక చేరును. అన్నిటితోపాటు తెలుగులిపిలో ఒక రిజిస్టరు నుంచుడు. అందు పాడినవారి పేరు, ఊరు, వరుస, సందర్భము, తేది, ఏ రూపమునుండి ఏ రూపమునకు ఎన్నిమారులు మారినది అను వివరములు వ్రాయుడు. వార్షికోత్సవమునకు వెచ్చించు ధనములో కొద్దిభాగమును, ఇద్దరు యువకుల ఆదివారములును చాలును.

మన యిండ్లలోని వృద్ధస్త్రీలలో పాటలు తెలిసినవారు ఏటేట తగ్గుచున్నారు. ఈ సంచిక చేతికందిన మాసముననే ఒక్కొక్క కుటుంబమువారు ఒక్క పాటనైనను సరియైన రూపమున పట్టి, పేరు వ్రాసి, సంఘమునకు ఒక ప్రతి నిచ్చెదరని ఆశించుచున్నాను.